కోళ్లలోని బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోళ్ల పెంపకంలో యాంటీబయాటిక్‌ల ప్రస్తావన రాగానే మూడు వేర్వేరు సంగతులు కలగాపులగమైపోతుంటాయి: మాంసంలో మిగిలిపోయే మందు, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా, ఆ బ్యాక్టీరియాకు ఆ శక్తినిచ్చే జన్యువు. ఈ పేజీ ముఖ్యంగా మూడోదాని గురించి. మందు కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది, బ్యాక్టీరియా వేడికి చస్తుంది, కానీ జన్యువు మాత్రం ఒక బ్యాక్టీరియా నుంచి మరో బ్యాక్టీరియాకు మారుతూ, మందు వాడకం ఆగిపోయిన తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగగలదు. కాబట్టి లెక్క వేయవలసింది, వెంబడించవలసింది జన్యువునే అన్నది ఈ సమాధానాలన్నిటికీ ఆధారం.

నిరోధకత వచ్చేది కోడికా, ఆ కోడిని తిన్న మనిషికా?

ఇద్దరికీ కాదు, నిరోధకత వచ్చేది బ్యాక్టీరియాకు. కోడి శరీరం మందుకు అలవాటు పడిపోయిందనీ, ఆ మాంసం తిన్నవారి ఒంటికి మందులు పట్టవనీ వినిపించే మాటలు సరైనవి కావు. కోడి పేగుల్లో, చర్మం మీద, ఈకల మీద, షెడ్డు నేల మీద పరిచిన పొట్టులో (లిట్టర్‌లో) లెక్కలేనంత బ్యాక్టీరియా ఉంటుంది. వాటిలో కొన్నింటి డీఎన్‌ఏలో, చుట్టూ ఫలానా మందు ఉన్నప్పటికీ బతికి పెరగడానికి కావలసిన ప్రోటీన్‌ను తయారుచేసే సమాచారం ఉంటుంది. ఆ డీఎన్‌ఏ భాగమే నిరోధక జన్యువు. అటువంటి బ్యాక్టీరియా మనిషికి జబ్బు చేసినప్పుడు, లేదా ఆ జన్యువు జబ్బు చేసే మరో బ్యాక్టీరియాలోకి చేరినప్పుడు, డాక్టరు రాసిన మందు పనిచేయకుండా పోతుంది.

నిరోధకత అంతా ఇలా బయటి నుంచి వచ్చిన జన్యువుల వల్లనే కలగదు. బ్యాక్టీరియాకు సొంతంగా ఉన్న జన్యువులో ఒక్క అక్షరం మారినా చాలు. కోళ్లలో సాధారణంగా కనిపించే క్యాంపైలోబాక్టర్‌లో గైర్-ఎ అనే జన్యువులో ఒకే ఒక మార్పు వస్తే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్‌లు దాని మీద పనిచేయవు. ఈ రెండో రకం నిరోధకత ప్రధానంగా ఆ బ్యాక్టీరియా సంతతితోనే వ్యాపిస్తుంది. మొదటి రకం మాత్రం జాతి హద్దులు దాటి పోతుంది.

ఈ జన్యువులు మందును ఎలా అడ్డుకుంటాయి?

ఒక్కో జన్యువుది ఒక్కో దారి. టెట్-ఎ అనే జన్యువు కణపు పొరలో ఒక పంపును తయారుచేసి, లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. టెట్-ఎం అయితే మందును రానిస్తుంది గానీ, అది పట్టుకోవలసిన రైబోజోమ్ నుంచి దాన్ని ఊడదీస్తుంది. టెమ్, సీటీఎక్స్-ఎం, సీఎంవై వంటి బీటా లాక్టమేజ్ జన్యువులు పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబపు మందులను విరిచేసే ఎంజైములను తయారుచేస్తాయి. ఈఆర్ఎం-బి జన్యువు రైబోజోమ్‌కే చిన్న రసాయన గుర్తు తగిలించి, ఎరిత్రోమైసిన్, టైలోసిన్ వంటి మందులు అక్కడ అతుక్కోకుండా చేస్తుంది. సల్-1, సల్-2 జన్యువులది ఇంకా సులువైన ఉపాయం: సల్ఫా మందు అడ్డుకునే ఎంజైముకు బదులుగా, ఆ మందు ముట్టుకోలేని మరో ఎంజైమును తెచ్చిపెడతాయి.

మందులు కనిపెట్టకముందు ఈ జన్యువులు లేవా?

ఉన్నాయి. వాయవ్య కెనడాలో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో టెట్రాసైక్లిన్, బీటా లాక్టమ్, వ్యాంకోమైసిన్ మందులను అడ్డుకునే జన్యువులు కనిపించాయని 2011లో పరిశోధకులు ప్రకటించారు. చాలా యాంటీబయాటిక్‌లు మట్టిలోని సూక్ష్మజీవులే తయారుచేసుకున్నవి కనుక, వాటిని తట్టుకునే ఏర్పాటు కూడా అక్కడే పుట్టడంలో ఆశ్చర్యం లేదు. నేటి సీటీఎక్స్-ఎం జన్యువులకు మూలం క్లూయివెరా అనే బ్యాక్టీరియా క్రోమోజోములో ఉంది. ఫ్లోరోక్వినోలోన్‌లను అడ్డుకునే క్యూఎన్ఆర్ జన్యువుల మూలాలు నీటిలో బతికే షెవనెల్లా వంటి వాటిలో ఉన్నాయి.

అయితే ‘ప్రకృతిలో ఎప్పటినుంచో ఉన్నదే కదా’ అని తేలిగ్గా తీసుకోవడం పొరపాటు. ఎక్కడో మట్టిలో, ఏ మనిషికీ హాని చేయని బ్యాక్టీరియాలో ఉన్న జన్యువు వేరు. ఆసుపత్రిలో రోగికి రక్త ఇన్ఫెక్షన్ కలిగించే ఇ.కోలిలోకి చేరిన జన్యువు వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చిన ఒత్తిడి మందుల వాడకం నుంచే వచ్చింది.

కోళ్ల విషయంలోనే ఇంత చర్చ ఎందుకు?

పశువుల్లో, పందుల్లో, చేపల చెరువుల్లో కూడా ఈ సమస్య ఉంది. తొమ్మిది ఐరోపా దేశాల్లో పందులు, బ్రాయిలర్ కోళ్ల పేగుల్లోని జన్యువులను పోల్చిన అధ్యయనం 2018లో వెలువడింది. అందులో మొత్తం పరిమాణం పందుల్లోనే ఎక్కువగా ఉన్నా, జన్యువుల వైవిధ్యం బ్రాయిలర్లలో ఎక్కువగా కనిపించింది.

కోళ్ల పెంపకం జరిగే తీరులోనే ఇందుకు కారణాలున్నాయి. ఒక షెడ్డులో వేల కోళ్లు ఉంటాయి. వాటిలో పదింటికి జబ్బు లక్షణాలు కనిపిస్తే, ఆ పదింటినీ వేరుచేసి సూది వేయడం ఎవరికీ సాధ్యం కాదు. మందును తాగునీటి ట్యాంకులో కలిపి షెడ్డు మొత్తానికి ఇస్తారు. జబ్బు కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, ఆరోగ్యంగా ఉన్న కోడి ఎక్కువ తాగుతుంది. దాంతో మందు అవసరమైన కోడికి మోతాదు చాలదు, అవసరం లేని వేల కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాకు మాత్రం మందు సోకుతుంది. మందుకు లొంగే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిది ఆ ఖాళీని నింపేస్తుంది. కోళ్లు ఒకదాని రెట్ట మరొకటి పొడుచుకుంటూ తిరుగుతాయి కనుక ఒక కోడి పేగుల్లో పైచేయి సాధించిన బ్యాక్టీరియా షెడ్డంతా పాకడానికి ఎక్కువ రోజులు పట్టదు.

దీనికి తోడు ఎదుగుదల కోసం మందు వాడిన చరిత్ర ఉంది. టెట్రాసైక్లిన్‌ను తయారుచేసే సూక్ష్మజీవి పులియబెట్టిన అవశేషాన్ని దాణాలో కలిపితే కోడిపిల్లలు వేగంగా బరువు పెరుగుతాయని 1940ల చివర అమెరికాలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ గమనించారు. అక్కడి నుంచి తక్కువ మోతాదులో రోజూ దాణాలో మందు కలపడం దశాబ్దాల పాటు మామూలు పద్ధతి అయింది. జబ్బు తగ్గించడానికి చాలని మోతాదు కూడా నిరోధక బ్యాక్టీరియాను ఎంపిక చేయడానికి చాలుతుంది.

కోళ్లలో ఎక్కువగా ఏ బ్యాక్టీరియాలో, ఏ జన్యువులు కనిపిస్తాయి?

ఇ.కోలి, సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్, ఎంటెరోకాకస్ అనే నాలుగింటినే నిఘా కార్యక్రమాలు ఎక్కువగా చూస్తాయి. ఇ.కోలిలో టెట్రాసైక్లిన్, సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, ఆంపిసిలిన్ నిరోధక జన్యువులు సర్వసాధారణం. వాటికన్నా ఆందోళన కలిగించేవి సీటీఎక్స్-ఎం-1, సీటీఎక్స్-ఎం-15, ఎస్‌హెచ్‌వీ-12, సీఎంవై-2 వంటివి; ఇవి ఆసుపత్రుల్లో వాడే మూడో తరం సెఫలోస్పోరిన్‌లను కూడా పనికిరాకుండా చేస్తాయి. సాల్మొనెల్లాలో ఇవే జన్యువులు తక్కువ సంఖ్యలో కనిపించినా, అది నేరుగా జబ్బు చేసేది కాబట్టి ప్రాధాన్యం ఎక్కువ. క్యాంపైలోబాక్టర్‌లో టెట్-ఓ జన్యువు, ఇంతకుముందు చెప్పిన గైర్-ఎ మార్పు ముఖ్యమైనవి. ఎంటెరోకాకస్‌లో ఈఆర్ఎం-బి, టెట్-ఎం, కొన్ని చోట్ల వ్యాంకోమైసిన్‌ను అడ్డుకునే వాన్-ఎ ఉంటాయి.

చివరి వరుస మందులైన కార్బపెనెమ్‌లను కోళ్లకు వాడడానికి అనుమతి లేదు. అయినా వాటిని విరిచే ఎన్‌డీఎం జన్యువు కొన్ని దేశాల్లో కోళ్ల ఇ.కోలిలో బయటపడింది. 2019లో చైనా పరిశోధకులు గుర్తించిన టెట్-ఎక్స్-3, టెట్-ఎక్స్-4 జన్యువులు మనుషుల వైద్యంలో వాడే టైజిసైక్లిన్ అనే మందును నాశనం చేస్తాయి. అదీ కోళ్లకు వాడే మందు కాదు, కానీ దాని బంధువర్గమైన టెట్రాసైక్లిన్‌ల వాడకం విస్తారంగా ఉంది.

ఒక బ్యాక్టీరియాలోని జన్యువు మరొకదానిలోకి ఎలా వెళుతుంది?

ప్రధానమైన వాహకం ప్లాస్మిడ్. ఇది క్రోమోజోముతో సంబంధం లేకుండా కణంలో విడిగా ఉండే, సాధారణంగా వలయాకారపు డీఎన్‌ఏ. రెండు బ్యాక్టీరియా కణాలు తాకినప్పుడు ఒకదాని నుంచి సన్నని గొట్టం వంటి నిర్మాణం ఏర్పడి, ప్లాస్మిడ్ నకలు ఒకటి అవతలి కణంలోకి వెళుతుంది. ఇచ్చిన కణం తన నకలును పోగొట్టుకోదు. ఇప్పుడు రెండింటికీ నిరోధకత ఉంది, రెండూ మరో రెండింటికి ఇవ్వగలవు.

ప్రయోగశాలలో దీన్ని కళ్లారా చూడవచ్చు. కోడి నుంచి తీసిన, సెఫోటాక్సిమ్ అనే సెఫలోస్పోరిన్ మందుకు లొంగని ఇ.కోలిని ఒక గొట్టంలోనూ, ఆ మందుకు లొంగేదీ సోడియం అజైడ్‌ను మాత్రం తట్టుకునేదీ అయిన జే53 అనే ప్రయోగశాల రకాన్ని మరో గొట్టంలోనూ పెంచుతారు. రెండింటినీ కలిపి కొన్ని గంటలు వెచ్చగా ఉంచి, సెఫోటాక్సిమ్, అజైడ్ రెండూ కలిపిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద పూస్తారు. కోడి నుంచి వచ్చినది అజైడ్ వల్ల పెరగదు, జే53 సెఫోటాక్సిమ్ వల్ల పెరగకూడదు. కానీ మర్నాడు పొద్దున ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా కాలనీలు కనిపిస్తాయి. అవి రాత్రికి రాత్రి ప్లాస్మిడ్‌ను అందుకున్న జే53 కణాలు. ఒక పరీక్షనాళికలో కొన్ని గంటల్లో జరిగేది, వెచ్చగా, తడిగా, కిక్కిరిసి ఉండే కోడి పేగుల్లో జరగదనుకోవడానికి కారణం లేదు.

ప్లాస్మిడ్ లోపల కూడా కదలిక ఉంటుంది. ట్రాన్స్‌పోజాన్‌లు, చొప్పింపు క్రమాలు (ఇన్సర్షన్ సీక్వెన్స్‌లు) అనే చిన్న డీఎన్‌ఏ భాగాలు జన్యువును ఒక ప్లాస్మిడ్ నుంచి తెంచి మరోదానిలోనో, క్రోమోజోములోనో అతికిస్తాయి. ఇంటెగ్రాన్‌లు వేర్వేరు మందులకు చెందిన జన్యువులను వరుసగా ఒకే చోట పేర్చుకుంటాయి. ఈ పేర్పు వల్లనే అసలు చిక్కు వస్తుంది: ఒక ప్లాస్మిడ్ మీద టెట్రాసైక్లిన్, సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, సెఫలోస్పోరిన్ నిరోధక జన్యువులు పక్కపక్కనే ఉంటే, షెడ్డులో టెట్రాసైక్లిన్ ఒక్కటే వాడినా నాలుగూ కలిసే పెరుగుతాయి. దీన్ని సహ ఎంపిక అంటారు. ‘మేం ఆ మందు ఎప్పుడూ వాడలేదు, మరి దానికి నిరోధకత ఎలా వచ్చింది’ అని రైతులు అడిగే న్యాయమైన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఎంసీఆర్-1 గురించి ఎందుకు అంతగా మాట్లాడతారు?

ఎంసీఆర్-1 కొలిస్టిన్‌ను అడ్డుకునే జన్యువు. కొలిస్టిన్ పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని మనుషుల్లో దాని వాడకం బాగా తగ్గిపోయింది. పశువైద్యంలో, దాణాలో మాత్రం కొనసాగింది. కార్బపెనెమ్‌లు కూడా పనిచేయని ఇన్ఫెక్షన్‌లు పెరిగాక వైద్యులు మళ్లీ కొలిస్టిన్ వైపు చూడవలసి వచ్చింది. అప్పటిదాకా తెలిసిన కొలిస్టిన్ నిరోధకత క్రోమోజోములో మార్పుల వల్ల వచ్చేదే గనుక, అది ఒక జాతి నుంచి మరో జాతికి పాకదన్న ధీమా ఉండేది.

2015 నవంబరులో ఆ ధీమా పోయింది. షాంఘైలోని ఒక పందుల ఫారం నుంచి వచ్చిన ఇ.కోలిలో, ప్లాస్మిడ్ మీద ఉన్న కొలిస్టిన్ నిరోధక జన్యువును గుర్తించినట్లు చైనా పరిశోధకులు ప్రకటించి, దానికి ఎంసీఆర్-1 అని పేరు పెట్టారు. ఈ జన్యువు తయారుచేసే ఎంజైము బ్యాక్టీరియా బయటి పొరలోని లిపిడ్-ఎకు ఫాస్ఫోఇథనాలమీన్ అనే గుంపును తగిలిస్తుంది. దాంతో పొర మీది రుణావేశం తగ్గి, ధనావేశం గల కొలిస్టిన్ అతుక్కోలేకపోతుంది. 2011 నుంచి 2014 వరకు సేకరించిన నమూనాలను పరిశీలిస్తే, కోడి, పంది పచ్చి మాంసం నమూనాల్లో 15 శాతంలో, జంతువుల నుంచి తీసిన వాటిలో 21 శాతంలో, ఆసుపత్రి రోగుల నమూనాల్లో 1 శాతంలో ఈ జన్యువున్న ఇ.కోలి దొరికింది. ఈ అంకెల వరుసే జన్యువు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ప్రయాణిస్తున్నదో చాలావరకు చెబుతుంది. ఆ తర్వాత పాత నమూనాలను తిరగేస్తే 1980లలో కోళ్ల నుంచి తీసిన ఇ.కోలిలో కూడా ఈ జన్యువు కనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉందన్నమాట.

2017లో చైనా దాణాలో ఎదుగుదల కోసం కొలిస్టిన్ కలపడాన్ని నిలిపివేసింది. ఆహారం కోసం పెంచే జంతువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.

మందు ఆపేస్తే జన్యువులు పోతాయా?

కొన్ని త్వరగా తగ్గుతాయి, కొన్ని మొండికేస్తాయి. ఏది ఎలా ప్రవర్తిస్తుందో ముందే ఒక సూత్రంగా చెప్పలేం కాబట్టి, జరిగిన సంఘటనలనే చూడాలి.

తగ్గిన వాటిలో డెన్మార్క్ అనుభవం అందరికీ తెలిసినది. వ్యాంకోమైసిన్‌కు దగ్గరి బంధువైన అవోపార్సిన్‌ను అక్కడ 1995లో నిషేధించారు. ఆ ఏడాది బ్రాయిలర్ కోళ్ల ఎంటెరోకాకస్ ఫీసియమ్‌లో దాదాపు 73 శాతానికి ఈ కుటుంబపు మందుల పట్ల నిరోధకత ఉండగా, 2000 నాటికి అది 6 శాతం లోపుకు దిగింది. కెనడాలోని క్యూబెక్‌లో హేచరీలు (గుడ్లు పొదిగించే కేంద్రాలు) గుడ్డులోకే సెఫ్టియోఫర్ అనే సెఫలోస్పోరిన్ సూది వేసే పద్ధతిని 2005లో స్వచ్ఛందంగా ఆపినప్పుడు, దుకాణాల కోడి మాంసంలో సెఫ్టియోఫర్‌కు లొంగని సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్ వాటా 62 శాతం నుంచి 7 శాతానికి పడిపోయింది. మనుషుల్లోనూ 36 నుంచి 8కి తగ్గింది. తర్వాత ఆ మందును పాక్షికంగా తిరిగి మొదలుపెట్టగానే నిరోధకత మళ్లీ పైకి లేచింది. కారణం, ఫలితం ఇంత స్పష్టంగా కనిపించిన సందర్భాలు ఈ రంగంలో అరుదు. చైనాలో కొలిస్టిన్ నిలిపివేత తర్వాత కోళ్ల ఇ.కోలిలో కొలిస్టిన్ నిరోధకత దాదాపు 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

మొండికేసిన దానికి అమెరికా ఉదాహరణ. కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే ఫ్లోరోక్వినోలోన్ అనుమతిని అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2005 సెప్టెంబరులో రద్దు చేసింది. అయినా క్యాంపైలోబాక్టర్‌లో ఫ్లోరోక్వినోలోన్ నిరోధకత తగ్గలేదు. గైర్-ఎలోని ఆ మార్పు వల్ల బ్యాక్టీరియాకు భారం ఏమీ లేకపోవడం, పైగా కోడి పేగుల్లో మందు లేకుండానే అది మామూలు రకంతో పోటీపడి నెగ్గగలగడం ప్రయోగాల్లో కనిపించాయి. భారంలేని నిరోధకతను వదిలించుకోవలసిన అవసరం బ్యాక్టీరియాకు ఎందుకుంటుంది? నార్వేలో అవోపార్సిన్ నిషేధం తర్వాత కూడా వాన్-ఎ గల ఎంటెరోకాకస్ కోళ్ల ఫారాల్లో ఏళ్ల తరబడి నిలిచింది. ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న కణాన్ని చంపేసే విష, విరుగుడు జంటలు కొన్ని ప్లాస్మిడ్‌ల మీద ఉంటాయి. మందు లేకున్నా జన్యువు నిలిచి ఉండడానికి అదీ ఒక కారణం.

కాబట్టి మందు ఆపడం తప్పనిసరి, కానీ ఆపిన మర్నాడే ఫలితం రాలేదని ఆ చర్యను వ్యర్థమనడం తొందరపాటు. అసలు మొదలుపెట్టకపోవడం అన్నిటికన్నా చవక.

ఏ మందూ వాడని షెడ్డులో నిరోధక జన్యువులు ఎలా వస్తాయి?

చాలాసార్లు పిల్లలతోపాటే వస్తాయి. బ్రాయిలర్ వ్యాపారం పిరమిడ్ ఆకారంలో ఉంటుంది: శిఖరాన కొద్ది సంఖ్యలో మేలుజాతి మూల మందలు, వాటి కింద గ్రాండ్ పేరెంట్లు, పేరెంట్లు, అట్టడుగున కోట్ల సంఖ్యలో మాంసపు కోళ్లు. పైనున్న ఒక మందలోని బ్యాక్టీరియా గుడ్డు పెంకు మీది మలినం ద్వారా హేచరీకి, అక్కడి నుంచి ఒక్కరోజు పిల్లల్లోకి చేరుతుంది. కోళ్లకు సెఫలోస్పోరిన్‌లు వాడని స్వీడన్, డెన్మార్క్ వంటి దేశాల్లో కూడా బ్రాయిలర్లలో సీఎంవై-2, సీటీఎక్స్-ఎం-1 జన్యువులు కనిపించడానికి మూలం దిగుమతి చేసుకున్న జాతి పిల్లలేనని తేలింది. అంటే కింది రైతు ఎంత నిష్ఠగా ఉన్నా, పై అంచెలో జరిగినదాని ఫలితం అతని షెడ్డులో కనిపిస్తుంది. నింద మాత్రం తరచూ అతని మీదే పడుతుంది.

మిగిలిన దారులు: ముందు బ్యాచ్ వదిలిన లిట్టర్, సరిగా కడగని నిపుల్ (నీళ్లు తాగించే) పైపుల లోపలి జిగట పొర, ఎలుకలు, ఈగలు, నల్ల పురుగులు, అడవి పక్షులు, మనుషుల చెప్పులు. ఆస్ట్రేలియాలో ఆహార జంతువులకు ఫ్లోరోక్వినోలోన్‌లను ఎన్నడూ అనుమతించలేదు. అయినా అక్కడి కోళ్ల క్యాంపైలోబాక్టర్‌లో కొంత శాతం ఆ మందుకు లొంగనిదిగా తేలింది. దాణాలో ఖనిజాలుగా వేసే రాగి, జింకు కూడా సహ ఎంపికకు కారణమవుతాయి, ఎందుకంటే లోహాలను తట్టుకునే జన్యువులు కొన్ని ప్లాస్మిడ్‌ల మీద యాంటీబయాటిక్ జన్యువుల పక్కనే ఉంటాయి. కాక్సీడియోసిస్ అనే పేగుల పరాన్నజీవి జబ్బు రాకుండా ఇచ్చే నారాసిన్ వంటి అయినోఫోర్ మందులు మనుషుల వైద్యంలో లేవు కనుక హానిలేనివన్న అభిప్రాయం చాలాకాలం ఉంది. కానీ స్వీడన్ కోళ్ల ఎంటెరోకాకస్‌లో నారాసిన్‌ను తట్టుకునే జన్యువులు వాన్-ఎ ఉన్న ప్లాస్మిడ్ మీదే కనిపించాయి.

కోళ్ల నుంచి మనుషులకు చేరుతున్నట్లు రుజువు ఉందా?

ఉంది, కానీ ఎంత మేరకు అన్నదాని మీద వాదన ఉంది. 1976లో అమెరికా పరిశోధకుడు స్టువర్ట్ లెవీ బృందం ప్రచురించిన ప్రయోగం మొదటి గట్టి ఆధారం. ఒక ఫారంలో కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. వారం రోజుల్లోనే వాటి పేగుల్లోని బ్యాక్టీరియాలో అధిక భాగం ఆ మందుకు లొంగనిదిగా మారింది; ఆ తర్వాతి వారాల్లో, ఎన్నడూ ఇవ్వని ఇతర మందులకూ నిరోధకత కనిపించింది. ఐదారు నెలల్లో ఆ ఫారంలో ఉంటున్న కుటుంబ సభ్యుల మలంలో కూడా ఇరుగుపొరుగు వారితో పోలిస్తే ఎక్కువగా నిరోధక బ్యాక్టీరియా బయటపడింది.

తర్వాతి చరిత్ర ఇంత సూటిగా లేదు. నెదర్లాండ్స్‌లో 2011లో కోడి మాంసంలోనూ, రోగుల్లోనూ ఒకే రకం ఇ.కోలి, ఒకే సీటీఎక్స్-ఎం-1 జన్యువు ఉన్నాయన్న నివేదికలు పెద్ద కలకలం రేపాయి. 2014లో పూర్తి జన్యుక్రమాలతో చూసినప్పుడు, ఒకటే అనుకున్న బ్యాక్టీరియా నిజానికి వేర్వేరని, అయితే వాటిలోని ప్లాస్మిడ్‌లు మాత్రం దాదాపు ఒకటేనని తేలింది. బ్యాక్టీరియాను పోల్చితే సంబంధం లేదనిపిస్తుంది, ప్లాస్మిడ్‌ను పోల్చితే ఉందనిపిస్తుంది. అదే దేశంలో 2019 నాటి విశ్లేషణ ప్రకారం, సాధారణ ప్రజల్లో ఈ జన్యువుల వ్యాప్తిలో ఎక్కువ భాగం మనిషి నుంచి మనిషికే జరుగుతోంది. ఆహారం వాటా అంతకన్నా తక్కువ. క్యాంపైలోబాక్టర్, సాల్మొనెల్లా విషయంలో మాత్రం సందేహానికి చోటు తక్కువ, ఎందుకంటే ఆ జబ్బులకు కోడి మాంసం ప్రధాన మూలాల్లో ఒకటి.

బాగా ఉడికించిన మాంసం తింటే ప్రమాదం ఉందా?

మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ చేరేలా వండితే నిరోధక బ్యాక్టీరియా కూడా మామూలు బ్యాక్టీరియాలాగే చస్తుంది. మందును తట్టుకునే జన్యువు వేడిని తట్టుకోవడానికి ఉపయోగపడదు. చచ్చిన కణాల డీఎన్‌ఏ ముక్కలు కొంత మిగలవచ్చు గానీ, అవి పేగుల్లోని బ్యాక్టీరియాలోకి చేరి పనిచేసే అవకాశం చాలా తక్కువ.

ప్రమాదం ఎక్కువగా ఉండేది వండకముందు. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపరలతో బ్యాక్టీరియా సింకు, గట్టు, పక్కనున్న గిన్నెల మీదికి చేరుతుంది. కాబట్టి కడగకుండా నేరుగా వండడమే మంచిది. మాంసం కోసిన కత్తితో, అదే పలక మీద, పచ్చిగా తినే కూరగాయలను కోయకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గుడ్ల సంగతి?

పెంకు మీద నిరోధక ఇ.కోలి, సాల్మొనెల్లా ఉండవచ్చు. పూర్తిగా ఉడికిన గుడ్డుతో చిక్కు లేదు. పగిలిన పెంకు గుడ్లను, పచ్చి గుడ్డు వంటకాలను మానుకోవాలి.

మాంసంలో మందు అవశేషాలు లేవని పరీక్షలో తేలితే నిరోధక జన్యువులు లేనట్లేనా?

కాదు. మందు ఆపిన తర్వాత కోళ్లను అమ్మడానికి ముందు కొన్ని రోజులు ఆగాలన్న విత్‌డ్రాయల్ గడువు, మాంసంలో మందు పరిమితికి లోపల ఉండేలా చూడడానికి పెట్టినది. ఆ గడువును తు.చ. తప్పకుండా పాటించినా, మందు ఎంపిక చేసిన బ్యాక్టీరియా పేగుల్లో అలాగే ఉంటుంది. అదేవిధంగా ‘యాంటీబయాటిక్ లేకుండా పెంచినది’ అన్న ముద్ర పెంపకం పద్ధతిని చెబుతుంది గానీ, మాంసం మీది బ్యాక్టీరియాలో ఏ జన్యువులున్నాయో చెప్పదు. సగటున అటువంటి కోళ్లలో నిరోధకత తక్కువగా ఉండడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. సున్నాగా ఉండడం కనిపించలేదు.

ఈ జన్యువులను ఎలా గుర్తిస్తారు?

మొదటి అడుగు ఇప్పటికీ కల్చరే. కోడి పేగులోని పదార్థాన్నో, షెడ్డు నేల మీద నడిపించిన బూటు తొడుగునో ద్రావణంలో పెంచి, లీటరుకు 1 మిల్లీగ్రాము సెఫోటాక్సిమ్ కలిపిన మెకాంకీ అగార్ మీద పూస్తారు. మందును తట్టుకున్న ఇ.కోలి గులాబీ రంగు కాలనీలుగా లేస్తుంది. దాన్ని తీసి, ఏయే మందును ఎంత గాఢత వరకు తట్టుకుంటుందో కొలుస్తారు. కొలిస్టిన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం: దాని అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, కాబట్టి మందు బిళ్ల చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలిచే పద్ధతి దీనికి నమ్మదగినది కాదు. ద్రవ మాధ్యమంలో మందును పలుచన చేస్తూ పోయే పద్ధతినే వాడాలి. బిళ్ల పద్ధతితో వచ్చిన కొలిస్టిన్ అంకెలు ఎక్కడ కనిపించినా అనుమానంతో చదవడం మేలు.

పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి చూసే పరీక్ష) ముందుగా తెలిసిన జన్యువును వెతుకుతుంది, తెలియనిదాన్ని కనిపెట్టలేదు. బ్యాక్టీరియా పూర్తి జన్యుక్రమాన్ని చదివి, డెన్మార్క్‌లో తయారైన రెస్‌ఫైండర్, కెనడాలో తయారైన కార్డ్ వంటి సమాచార నిధులతో పోల్చడం ఇప్పుడు ప్రధాన పద్ధతి. కల్చర్ లేకుండా రెట్టలోని మొత్తం డీఎన్‌ఏను ఒకేసారి చదివే మెటాజీనోమిక్స్ కూడా ఉంది. దానితో ఏ జన్యువు ఎంత ఉందో తెలుస్తుంది గానీ, ఆ జన్యువు ఏ బ్యాక్టీరియాలో ఉందో చెప్పడం కష్టం.

జన్యువు కనిపించినంత మాత్రాన నిరోధకత ఉన్నట్లు కాదు, కనిపించనంత మాత్రాన లేనట్లూ కాదు. జన్యువు నిద్రాణంగా ఉండవచ్చు. లేదా నిరోధకత ఇంకా ఎవరూ నమోదు చేయని మార్పు వల్ల రావచ్చు. అందుకే ప్లేటు, జన్యుక్రమం రెండూ చూసిన నివేదికకు విలువ ఎక్కువ.

కోడి ఎరువును పొలంలో వేయవచ్చా?

పచ్చి రెట్టను నేరుగా వేయడం మంచిది కాదు. మందుల్లో కొంత భాగం మారకుండానే రెట్టలోకి వస్తుంది, బ్యాక్టీరియా, జన్యువులు సరేసరి. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిచేలా, మధ్యమధ్య తిరగేస్తూ కంపోస్టు చేస్తే ఇ.కోలి, సాల్మొనెల్లా చాలావరకు నశిస్తాయి. జన్యువులన్నీ అదే వేగంతో తగ్గవు. సల్-1, ఇంటెగ్రాన్ జన్యువులు కొన్నిసార్లు కంపోస్టు అయ్యాక కూడా మిగిలి ఉంటాయి. పచ్చిగా తినే ఆకుకూరలకు పూర్తిగా మాగిన ఎరువునే వాడాలి.

కోళ్ల పెంపకందారులు చేయగలిగినది ఏమిటి?

మందు అవసరాన్నే తగ్గించడం. పిల్లలు వచ్చిన మొదటి వారంలో షెడ్డు వేడి, గాలి, నీటి శుభ్రత సరిగా ఉంటే ఇ.కోలి ఇన్ఫెక్షన్‌లకు వాడే మందులో చాలా భాగం అవసరమే రాదు. గంబోరో, శ్వాసకోశ వైరస్‌ల టీకాలు సమయానికి వేయాలి, ఎందుకంటే వైరస్ దెబ్బతీసిన కోడికే బ్యాక్టీరియా జబ్బు వెంట వస్తుంది. వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ ఇవ్వడం వృథా. జబ్బు కనిపించినప్పుడు చచ్చిన కోళ్లను పరీక్షకు పంపి, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకున్నాకే పశువైద్యుల సలహాపై మందు మొదలుపెట్టాలి. కొలిస్టిన్, ఫ్లోరోక్వినోలోన్‌లు, మూడో తరం సెఫలోస్పోరిన్‌లు మనుషుల ప్రాణాలకు అవసరమైన మందులుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అగ్రశ్రేణిలో ఉన్నాయి. వాటి జోలికి పోకపోవడం ఉత్తమం. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డును ఖాళీగా ఉంచి, నీటి పైపుల లోపలి జిగటను వదిలించి, ఎండిన తర్వాతే కొత్త పిల్లలను దించాలి. పిల్లలను కొనేటప్పుడు హేచరీలో గుడ్డులోకి గానీ, ఒక్కరోజు పిల్లలకు గానీ యాంటీబయాటిక్ సూది వేస్తున్నారా అని అడగడం కొనుగోలుదారు హక్కు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువైతే పిరమిడ్ పై అంచెల్లో కదలిక వస్తుంది.

ప్రోబయాటిక్‌లు యాంటీబయాటిక్‌లకు బదులుగా పనిచేస్తాయా?

కొంతవరకు. ఆరోగ్యవంతమైన పెద్ద కోడి పేగుల్లోని బ్యాక్టీరియాను అప్పుడే పొదిగిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేదని 1973లో ఫిన్లాండ్‌కు చెందిన నూర్మీ, రంటాలా చూపించారు. అదే పద్ధతితో, సెఫలోస్పోరిన్ నిరోధక ఇ.కోలి పిల్లల పేగుల్లో స్థిరపడడాన్ని ఆలస్యం చేయవచ్చని, దాని సంఖ్యను తగ్గించవచ్చని ఇటీవలి ప్రయోగాల్లో తేలింది. పిల్ల పుట్టిన మొదటి గంటల్లో, నిరోధక బ్యాక్టీరియా చేరకముందే ఇవ్వగలిగితేనే ప్రయోజనం ఎక్కువ. షెడ్డులో జబ్బు ముదిరాక నీళ్లలో కలిపితే అది వైద్యం కాదు.

కొనేముందు ఒక విషయం చూసుకోవాలి. ప్రోబయాటిక్‌గా అమ్మే బ్యాక్టీరియాలోనే నిరోధక జన్యువులు ఉండే వీలుంది. ముఖ్యంగా ఎంటెరోకాకస్, బాసిల్లస్ రకాల్లో. ఐరోపాలో దాణాలో కలిపే బ్యాక్టీరియాకు అనుమతి ఇవ్వాలంటే దాని పూర్తి జన్యుక్రమాన్ని సమర్పించి, ఇతర బ్యాక్టీరియాకు పాకగల నిరోధక జన్యువులు లేవని చూపాలి. ప్యాకెట్ మీద ఏ జాతి, ఏ రకం అన్నది స్పష్టంగా రాయని ఉత్పత్తికి అటువంటి పరీక్ష జరిగిందో లేదో తెలుసుకునే మార్గం లేదు కనుక, దాన్ని పిల్లల నీళ్లలో కలపకపోవడమే మంచిది.